సికింద్రాబాద్ నుంచి అమరావతికి రెండు రోజుల ప్రయాణం: ఏ రోజులు, ఏ దారి?

ప్రశ్న (మలక్‌పేట నుంచి)

నమస్కారం. మా నాన్నగారు ఉమ్మడి రాష్ట్ర సచివాలయంలో చాలా కాలం పనిచేసి, రాష్ట్రం విడిపోవడానికి కొంత ముందు పదవీ విరమణ చేశారు. ఆయన దగ్గర పని నేర్చుకున్న వాళ్లలో కొందరు 2016లో వెలగపూడికి తరలివెళ్లి ఇప్పటికీ అక్కడే ఉద్యోగం చేస్తున్నారు. నాన్నగారు కూర్చున్న సైఫాబాద్ భవనాలను 2020లో తొలగించారు. అదే స్థలంలో 2023లో ప్రారంభమైన కొత్త సచివాలయాన్ని ఆయన బయటి నుంచి చూశారు. ఇప్పుడు అమరావతిని కూడా ఒకసారి చూడాలని, తన పాత మిత్రులను వాళ్ల కార్యాలయంలోనే కలవాలని ఆయనకు ఎంతో కోరికగా ఉంది.

ఆయనకు డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పి ఉంది. మాతో ఎనిమిదో తరగతి చదివే అబ్బాయి కూడా వస్తాడు. శని, ఆదివారాల్లో మా కారులోనే వెళ్లి, విజయవాడలో ఒక రాత్రి ఉండి, కనకదుర్గమ్మ దర్శనం, ఉండవల్లి గుహలు, మంగళగిరి, అమరేశ్వరాలయం, స్తూపం, ధ్యానబుద్ధ విగ్రహం, సచివాలయం అన్నీ చూసి రావాలని అనుకుంటున్నాం. ఈ ప్రణాళిక సరైనదేనా? నాన్నగారు అలసిపోకుండా తిరిగి రావాలన్నదే నా ముఖ్యమైన ఆలోచన. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (ఎల్బీనగర్ నుంచి)

మీ నాన్నగారి కోరిక చదివాక ముందుగా చెప్పవలసింది రోజుల గురించే అనిపించింది. అమరావతి సచివాలయ ఉద్యోగులకు వారానికి ఐదు రోజులే పని. శని, ఆదివారాలు సెలవు. హైదరాబాద్‌లో కుటుంబాలను ఉంచి అక్కడ పనిచేస్తున్న చాలామంది శుక్రవారం సాయంత్రమే రైలెక్కి ఇటు వచ్చేస్తారు. కాబట్టి మీరు అనుకున్న రోజుల్లో వెళితే భవనాలు కనిపిస్తాయి గానీ, నాన్నగారు కలవాలనుకున్న మనుషులు కనిపించరు. పోనీ గురు, శుక్రవారాల్లో వెళ్దామంటే పాత అమరావతిలోని పురావస్తు శాఖ మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఈ రెండింటినీ కలిపి చూస్తే మీకు ఆది, సోమవారాలే అనుకూలం. ఆదివారం గుడి, స్తూపం, మ్యూజియం చూసి, సోమవారం ఉదయం వెలగపూడికి వెళ్లండి. అబ్బాయికి ఒక రోజు బడి పోతుంది, అది తప్పదు.

సచివాలయంలోకి సందర్శకులను పాస్ ఉంటేనే పంపుతారు. నాన్నగారి మిత్రుల్లో ఒకరికి ముందుగానే ఫోన్ చేసి, ఎవరెవరు వస్తున్నారో చెప్పి, ఆధార్ కార్డులు దగ్గర ఉంచుకుంటే ద్వారం దగ్గర ఎండలో నిలబడే అవసరం ఉండదు. శాసనసభ సమావేశాలు జరిగే రోజుల్లో మాత్రం వెళ్లవద్దు. భద్రత ఎక్కువగా ఉంటుంది, మీ వాళ్లకు కూడా తీరిక ఉండదు.

ఇంకొక ముఖ్యమైన సంగతి. కొత్త రాజధాని ప్రాంతం, పాత అమరావతి పట్టణం ఒకే చోట లేవు. వెలగపూడి, నేలపాడు, రాయపూడి, ఉద్దండరాయునిపాలెం తుళ్లూరు మండలంలో ఉన్నాయి. అమరేశ్వరాలయం, స్తూపం ఉన్న ఊరు అక్కడి నుంచి కృష్ణ ఒడ్డునే పడమరగా ఇంకా కొంత దూరం వెళితే వస్తుంది. కారు అద్దెకు మాట్లాడుకునేటప్పుడు కేవలం అమరావతి అని చెప్పకుండా, గుడి ఉన్న అమరావతి, ఆ తర్వాత వెలగపూడి అని విడివిడిగా చెప్పండి. చాలామంది డ్రైవర్లు ఇప్పుడు అమరావతి అంటే సచివాలయం వైపే అనుకుంటారు.

సమాధానం (గుంటూరు జిల్లావాసి, ప్రస్తుతం కూకట్‌పల్లి)

పై సమాధానంతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే కారు విషయంలో మళ్లీ ఆలోచించమని మనవి. విజయవాడకు 65వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 275 కిలోమీటర్లు. చౌటుప్పల్ దగ్గర పంతంగి, ఆపైన కొర్లపహాడ్, జగ్గయ్యపేట దగ్గర చిల్లకల్లు టోల్ గేట్లు దాటాలి. రోడ్డు బాగానే ఉంటుంది గానీ, మోకాళ్ల నొప్పి ఉన్న పెద్దాయన ఐదారు గంటలు కాళ్లు ముడుచుకుని కూర్చుని, దిగిన వెంటనే గుడులూ మ్యూజియాలూ తిరగడం కష్టం. సంక్రాంతి ముందు రోజుల్లో అయితే పంతంగి దగ్గరే ఎంతసేపు ఆగవలసి వస్తుందో హైదరాబాద్‌లో ఉండే మనందరికీ తెలుసు.

పాత అమరావతికి దగ్గరి పెద్ద స్టేషన్ గుంటూరు. సికింద్రాబాద్ నుంచి తిరుపతి వెళ్లే వందే భారత్ ఉదయం ఆరు దాటాక బయలుదేరి, నల్గొండ, మిర్యాలగూడ మీదుగా పదిలోపు గుంటూరు చేరుస్తుంది. వారంలో ఒక రోజు అది నడవదు కనుక తేదీ సరిచూసుకోండి. గుంటూరు నుంచి అమరావతి సుమారు 35 కిలోమీటర్లు. స్టేషన్ బయట కారు మాట్లాడుకుంటే పదకొండు గంటలకల్లా గుడి దగ్గర ఉంటారు. విజయవాడలో దిగితే అక్కడి నుంచి మళ్లీ పడమరకు అంతకంటే ఎక్కువ దూరమే రావాలి.

మధ్యాహ్నం గుడి మూసేస్తారు కాబట్టి ముందు అమరేశ్వరస్వామిని దర్శించుకోండి. పంచారామాల్లో ఇది అమరారామం. శివలింగం ఎంత ఎత్తుగా ఉంటుందంటే, అర్చకులు పై అంతస్తుకు ఎక్కి అభిషేకం చేస్తారు. కార్తీక మాసం సోమవారాల్లో, శివరాత్రికి విపరీతమైన రద్దీ ఉంటుంది. ఆ రోజులు మీకు వద్దు. దర్శనం తర్వాత భోజనం చేసి, నాన్నగారిని కాసేపు విశ్రాంతి తీసుకోనిచ్చి, ఎండ తగ్గాక మ్యూజియం, స్తూపం చూడండి. రెండూ దగ్గర దగ్గరే. 125 అడుగుల ధ్యానబుద్ధ విగ్రహం కూడా ఊళ్లోనే ఉంది. దాని చుట్టూ ఉన్న మెట్లు నాన్నగారు ఎక్కనవసరం లేదు. కింది నుంచే పూర్తిగా కనిపిస్తుంది.

సాయంత్రం తుళ్లూరు మీదుగా బయలుదేరితే రాజధాని నిర్మాణమంతా దారిలోనే కనబడుతుంది. 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగిన ఉద్దండరాయునిపాలెం కూడా ఆ ప్రాంతంలోనిదే. 2025 మే 2న పనులు పునఃప్రారంభమైనప్పటి నుంచి భారీ వాహనాల రాకపోకలు పెరిగాయి. కొన్ని లోపలి రోడ్ల మీద దుమ్ము ఎక్కువగా ఉంటుంది కనుక చీకటి పడకముందే ఆ ప్రాంతం దాటేయండి. రాత్రికి మంగళగిరిలో గానీ విజయవాడలో గానీ ఉండవచ్చు. నా మాట అడిగితే మంగళగిరే మేలు. సోమవారం ఉదయం వెలగపూడికి విజయవాడ రద్దీలో చిక్కుకోకుండా వెళ్లవచ్చు, కింది నరసింహస్వామి ఆలయాన్నీ దాని గాలిగోపురాన్నీ ఎక్కువ నడక లేకుండా చూడవచ్చు. కొండ మీది పానకాలస్వామి దగ్గరికి వాహనం వెళ్లే దారి ఉంది గానీ, ఓపిక ఉంటేనే.

ఉండవల్లిని, దుర్గమ్మ కొండను ఈ ప్రయాణంలో వదిలేయండి. ఉండవల్లిలో శయనించిన అనంతపద్మనాభస్వామిని చూడాలంటే పై అంతస్తుకు మెట్లెక్కాలి. దుర్గమ్మ దగ్గర వరుసలో ఎంతసేపు నిలబడాలో ముందుగా ఎవరూ చెప్పలేరు. ఆ తల్లి దర్శనానికి విజయవాడ ఒక్కటే పెట్టుకుని మరోసారి రండి.

సమాధానం (చరిత్ర అధ్యాపకురాలు, తార్నాక)

ప్రయాణ వివరాలు పై ఇద్దరూ చక్కగా చెప్పారు. అబ్బాయి కూడా వస్తున్నాడన్నారు కనుక స్తూపం గురించి కొంచెం వివరంగా రాస్తున్నాను. అక్కడికి వెళ్లినవారిలో చాలామంది పది నిమిషాల్లో బయటికి వచ్చేసి, ఏమీ లేదు, ఒక మట్టి దిబ్బ ఉంది అంటుంటారు. అది విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

ఆ ఊరివాళ్లు దాన్ని దీపాలదిన్నె అనేవారు. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దం నాటికే అక్కడ బౌద్ధం ఉన్నట్టు ఆధారాలున్నాయి. పక్కనున్న ధరణికోటే ధాన్యకటకం, శాతవాహనుల ప్రధాన నగరాల్లో ఒకటి. అంటే మీ నాన్నగారు చూడబోయే రాజధానికి పొరుగునే దాదాపు రెండు వేల ఏళ్ల కిందటి రాజధాని ఉంది. పద్దెనిమిదో శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిని తన రాజధానిగా కట్టుకున్నప్పుడు ఆ దిబ్బలోని ఇటుకలు, రాళ్లు నిర్మాణాలకు తరలిపోయాయి. 1797లో ఈస్ట్ ఇండియా కంపెనీ అధికారి కోలిన్ మెకంజీ ఆ చోటు చూసి, 1816 తర్వాత మళ్లీ వచ్చి శిల్పాలను జాగ్రత్తగా బొమ్మలు గీయించాడు. ఆ తర్వాత పగిలిపోయిన, కనబడకుండా పోయిన ఫలకాలు కొన్ని ఎలా ఉండేవో మనకు ఆ బొమ్మల వల్లనే తెలుసు. 1845లో మరో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసుకు, అక్కడి నుంచి లండన్‌కు చేరాయి. అవి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మరో పెద్ద భాగం చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. అమరావతిలో మిగిలింది తక్కువ. అందుకే అక్కడ తొందరపడకూడదు.

ముందు మ్యూజియం, తర్వాత స్తూపం చూడండి. మ్యూజియంలో స్తూపం బొమ్మనే చెక్కిన ఫలకం దగ్గర అబ్బాయిని నిలబెట్టి, గుండ్రని అండం (గుమ్మటం), చుట్టూ కంచె, నాలుగు దిక్కులా ముందుకు వచ్చిన వేదికలు, ఒక్కొక్క వేదిక మీద ఐదేసి ఆయక స్తంభాలు చూపించండి. అవి చూసిన కళ్లతో బయటికి వచ్చి దిబ్బ చుట్టూ నడిస్తే, ఏది ఎక్కడ ఉండేదో పిల్లవాడే వేలితో చూపిస్తాడు. స్తూపం అడుగు భాగం వ్యాసం సుమారు 50 మీటర్లు, నేల చదునుగా ఉంటుంది కనుక నాన్నగారు కూడా మెల్లగా ఒక చుట్టు తిరగగలరు. ఫలకాల రాయి పల్నాటి సున్నపురాయి. వాలు వెలుతురులో దాని తెల్లదనంలో పచ్చని ఛాయ తేలి కనబడుతుంది, పద్మాల రేకుల అంచులు, స్త్రీల మెడలోని పేటలు కూడా విడివిడిగా తెలుస్తాయి. సాయంత్రం మూసే సమయం ముందే కనుక్కుని, దానికి కనీసం గంటన్నర ముందు లోపల ఉండండి.

మళ్లీ ప్రశ్న అడిగినవారు

అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. శని, ఆదివారాల్లో వెళ్లి ఉంటే నాన్నగారు తాళం వేసిన గదులు చూసి తిరిగి వచ్చేవారు. ఆది, సోమవారాలకే నిర్ణయించుకున్నాం. ఆయన తన మిత్రుడికి ఫోన్ చేయగా, సోమవారం పదిన్నరకు రమ్మని, మధ్యాహ్న భోజనం అందరం కలిసి చేద్దామని చెప్పారట. అప్పటి నుంచి ఆయన పాత ఫొటోలు వెతికి తీసి ఒక కవరులో పెడుతున్నారు. ఉండవల్లి, దుర్గమ్మ దర్శనం మానుకున్నాం. తిరుగు ప్రయాణం మాత్రం తేల్చుకోలేకపోతున్నాను. సోమవారం సాయంత్రమే రైలెక్కాలా, లేక ఆ రాత్రి కూడా ఉండి మంగళవారం ఉదయం రావాలా?

సమాధానం (గుంటూరు జిల్లావాసి, ప్రస్తుతం కూకట్‌పల్లి)

విశాఖపట్నం నుంచి వచ్చే వందే భారత్ సాయంత్రం ఆరు దాటాక విజయవాడలో ఎక్కితే, సికింద్రాబాద్ చేరేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. అక్కడి నుంచి మలక్‌పేట చేరి పడుకునేసరికి అర్ధరాత్రి అవుతుంది. రోజంతా మిత్రులతో గడిపిన పెద్దాయనకు అది ఎక్కువే. నేనైతే సోమవారం రాత్రి విజయవాడలో ఉండి, మంగళవారం ఉదయం శాతవాహన ఎక్స్‌ప్రెస్ ఎక్కిస్తాను. అది విజయవాడలోనే బయలుదేరే రైలు కాబట్టి ముందుగా ఎక్కి నిదానంగా సర్దుకోవచ్చు, ఖమ్మం, వరంగల్ మీదుగా మధ్యాహ్నానికి ఇటు వచ్చేస్తుంది. సోమవారం సాయంత్రం ఎలాగూ తీరిక దొరుకుతుంది కనుక 1957లో ప్రారంభమైన ప్రకాశం బ్యారేజీ మీదుగా ఒకసారి కారులో వెళ్లి రండి.

కారే కావాలని చివరికి అనుకుంటే మాత్రం వచ్చేటప్పుడు విజయవాడ దారి పట్టకండి. సత్తెనపల్లి, పిడుగురాళ్ల, దాచేపల్లి మీదుగా వాడపల్లి దగ్గర కృష్ణ దాటి, మిర్యాలగూడ, నల్గొండ దాటి నార్కట్‌పల్లి దగ్గర హైదరాబాద్ రోడ్డులో కలవవచ్చు. మన మూసీ వచ్చి కృష్ణలో కలిసేది వాడపల్లిలోనే. అక్కడ ఒడ్డున పాత శివాలయం, నరసింహస్వామి గుడి ఉన్నాయి, కాళ్లు చాచుకోవడానికి మంచి చోటు.

సమాధానం (ఎల్బీనగర్ నుంచి)

టికెట్ల గురించి ఒక్క మాట. సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణం వల్ల కొన్ని రైళ్లను చర్లపల్లికి మార్చారు. టికెట్ మీద ఏ స్టేషన్ ఉందో రెండుసార్లు చూసుకోండి. పాత అలవాటుతో సికింద్రాబాద్ వెళ్లిపోతే అక్కడి నుంచి చర్లపల్లికి ఉదయం వేళ చేరడం కష్టం. నాన్నగారికి సీనియర్ సిటిజన్ కింద కింది బెర్తు అడిగే వీలు శాతవాహనలో అవసరం రాదు, అది కూర్చుని వెళ్లే బండి. ఏసీ చైర్ కార్‌లో నడవ పక్క సీటు దొరికేలా ముందుగా తీసుకుంటే ఆయన మధ్యమధ్యలో లేచి నాలుగు అడుగులు వేయడానికి వీలుంటుంది. వీల్‌చైర్ కావాలంటే బయలుదేరే స్టేషన్‌లో అరగంట ముందే అడగండి.