రోమా 8:28లోని ‘మేలు’ను ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న:
అందరికీ ప్రభువు పేరిట వందనాలు. మా నాన్నగారు క్యాన్సరుతో ప్రభువునందు నిద్రించి నాలుగు నెలలైంది. పరామర్శకు వచ్చిన వారందరూ రోమా 8:28 చదివి, సమస్తమూ మేలుకే జరుగుతుందని చెప్పి వెళ్తున్నారు. ఆ మాటను నేను నమ్ముతున్నాను. కానీ ఆయన మరణంలో ఉన్న మేలు ఏమిటో నాకు బోధపడడం లేదు.

జవాబు 1:
సహోదరీ, దయచేసి దానిని 29వ వచనంతో కలిపి చదవండి. మనం దేవుని కుమారుని సారూప్యంలోకి మారడమే ఆ మేలు అని ఆ పత్రిక రాసిన పౌలు అక్కడే తెలియజేశాడు. శ్రమ, కరువు, ఖడ్గం విశ్వాసికి రావని ఆ అధ్యాయం చెప్పదు. అవి మనలను క్రీస్తు ప్రేమ నుండి ఎడబాపలేవని చెబుతుంది. మరణమే మేలని కూడా పౌలు అనలేదు, 1 కొరింథీయులకు 15:26లో దానిని కడపటి శత్రువు అన్నాడు. కాబట్టి మీ దుఃఖం అవిశ్వాసం కాదు. పరామర్శకు వెళ్లేవారు ఈ సంగతి గుర్తుంచుకుంటే ఎంతో బాగుండేది.

జవాబు 2:
ఆదికాండంలోని యోసేపును చూడండి. ఆ కథ మొదట్లో 17 ఏళ్ల వయసులో కనిపించే అతడు 30వ ఏట ఐగుప్తు రాజైన ఫరో ఎదుట నిలిచాడు. బానిసగా, ఖైదీగా గడిపిన ఆ కాలంలో దేవుడు తన ఉద్దేశాన్ని అతనికి వివరించినట్లు ఆదికాండంలో లేదు. యెహోవా అతనికి తోడై ఉన్నాడని మాత్రం 39వ అధ్యాయం పదే పదే చెబుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నాన్నగారి బైబిల్లో కీర్తన 73:28 కింద పెన్సిలు గీత ఉంది. దేవుని పొందు, అంటే ఆయన సహవాసం, ధన్యకరమనే ఆ మాట దగ్గర నుండి ఈ రాత్రి మళ్లీ చదవడం మొదలుపెడతాను.