రోజుకు పది గంటల పని: ఒప్పుకుందామా, వద్దందామా?

అచ్యుతాపురం షిఫ్ట్ (చర్చ మొదలుపెట్టినవారు) | జులై 2025 (ఇందులో చెప్పే ఫ్యాక్టరీల చట్టం సెక్షన్లు అప్పటివి; 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది)

ఆరేళ్లుగా ఒక మందుల కంపెనీలో ఆపరేటర్‌ని. ఫ్యాక్టరీల్లో రోజు పనిని 9 గంటల నుంచి 10కి పెంచాలని జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం నిర్ణయించింది. మూడు నెలలకు 75 గంటలున్న ఓటీ (ఓవర్‌టైమ్, అంటే అదనపు గంటల పని) పరిమితి 144 అవుతుందట. తెలంగాణ కూడా ఈ నెల 5న, దుకాణాలు కాని వాణిజ్య సంస్థల్లో 10 గంటల పనికి, 144 గంటల ఓటీకి వీలిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. వారానికి 48 గంటలు మారలేదు, దాటితే ఓటీ వస్తుంది, భయమెందుకు అంటున్నారు.

ఒక్కసారి లెక్క వేయండి. మూడు నెలలంటే 13 వారాలు. 144ని 13తో భాగిస్తే వారానికి 11 గంటలు. 48కి కలిపితే 59. అంటే ఆరు రోజులూ దాదాపు పదేసి గంటలు. పాత 75ని ఇలాగే భాగిస్తే 54 దగ్గర ఆగుతుంది, రోజుకు తొమ్మిది. ఏడాది పొడవునా పది గంటలు చేయించుకోవడానికి దాదాపు సరిపోయే అంకె ఈ 144. నేను వద్దంటున్నాను. మీరేమంటారు?

ఆటోనగర్ యూనిట్

తమ్ముడూ, నాది 22 మంది పనిచేసే చిన్న మెషిన్ షాపు. ఆర్డర్లు ఏడాదంతా ఒకేలా రావు. రెండు నెలలు ఊపిరాడదు, తర్వాత నెల మెషిన్లు ఖాళీ. ఆ రెండు నెలల్లో 75 గంటలు ఎప్పుడో దాటిపోతాయి. కుర్రాళ్లే వచ్చి ‘సార్, ఓటీ ఉందా’ అని అడుగుతారు, ఇంటి అద్దెలు అలా ఉన్నాయి. ఇప్పుడు ఆ గంటల్ని పుస్తకంలో రాయలేక దాచాల్సి వస్తోంది. పరిమితి పెరిగితే దాచే పని ఉండదు, వాళ్లకీ లెక్క ప్రకారం డబ్బు అందుతుంది. నేను సమర్థిస్తున్నాను.

అచ్యుతాపురం షిఫ్ట్

అన్నా, మీరు లెక్క ప్రకారం ఇస్తున్నారంటే సంతోషం. నా సంగతి చెబుతాను. నా జీతం 18,000. 26 రోజులు, 8 గంటల చొప్పున చూస్తే గంటకు 86 రూపాయల 50 పైసలు. ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షన్ ప్రకారం ఓటీకి రెట్టింపు, అంటే 173 ఇవ్వాలి. మార్చిలో 48 గంటలు ఎక్కువ చేశాను. పేస్లిప్పులో 25 గంటలే కనిపించాయి. మిగతా 23 గంటలకు సింగిల్ రేటు లెక్కన కవరులో పెట్టి ఇచ్చారు. ఆ కవరు మీద నా పేరు తప్ప ఇంకేమీ లేదు. రేపు ఎక్కడైనా అడగాలంటే ఏం చూపించాలి? అన్నా, పరిమితి తక్కువగా ఉండబట్టి దాచలేదు, రెట్టింపు ఇవ్వడం ఇష్టంలేక దాచారు. 144 చేసినా ఆ అలవాటు పోదు.

పేరోల్ అక్క

పదకొండేళ్లుగా జీతాల లెక్కలు చూస్తున్నాను. ఇంకో మెలిక కూడా చెబుతాను, ఇది చాలామందికి తెలియదు. రెట్టింపు ఇచ్చామంటారు, కానీ బేసిక్ (మూల వేతనం) మీదే వేస్తారు. చట్టంలో ‘మామూలు వేతనం’ అంటే బేసిక్‌తో పాటు అలవెన్సులు కూడా. బోనస్, ఓటీ మాత్రమే అందులోకి రావు. 18,000 జీతంలో బేసిక్ 9,000 పెట్టి మిగతాదంతా అలవెన్సులుగా చూపిస్తే, ‘రెట్టింపు’ ఇచ్చినా మనిషికి దక్కేది సింగిలే. ఒకచోట ఇదే ఎత్తి చూపిస్తే ‘నీకెందుకమ్మా’ అన్నారు. అక్కడ మానేశాను.

రెండో షిఫ్టు అమ్మాయి

డబ్బు గురించే మాట్లాడుతున్నారు. ఇప్పుడు ఐదు గంటలకు మించి ఏకధాటిగా పనిచేయించకూడదు, అరగంట విశ్రాంతి ఇవ్వాలి. దాన్ని కూడా ఆరు గంటలు చేస్తున్నారు. ప్యాకింగ్ లైన్ దగ్గర నిలబడే చేయాలి. నాలుగో గంటకే మడమలు లాగుతాయి. బాత్రూమ్‌కి వెళ్లాలంటే పక్కమ్మాయిని బతిమాలి నిలబెట్టాలి. కంపెనీ బస్సులో పోనూ రానూ మూడు గంటలు. పది గంటల పని, మధ్యలో విశ్రాంతి, ఆ ప్రయాణం కలిపితే ఇంట్లో నిద్రకు, వంటకు, బాబుకు మిగిలేది పదిన్నర గంటలే. ఆడవాళ్ల రాత్రి షిఫ్టుకి మా అంగీకారం ఉండాలంటున్నారు. కాదంటే మర్నాటి నుంచి లైన్‌లో పేరుండదన్న టెన్షన్‌తో పెట్టే సంతకాన్ని నేను అంగీకారం అనను.

ఆటోనగర్ యూనిట్

అమ్మా, విశ్రాంతి విషయంలో నీ మాట కాదనలేను. ఐదు గంటలే ఉంచాలి. ఓటీ పరిమితి మీద మాత్రం నా మాట అదే. కానీ తమ్ముడు చెప్పినట్టు కవర్లలో ఇచ్చేవాళ్లను పట్టుకోకుండా పెంచితే, సరిగ్గా కట్టే నాలాంటివాడు వాళ్ల రేటుకి ఆర్డరు తెచ్చుకోలేడు. నా నష్టం అక్కడుంది.

పేరోల్ అక్క

అయితే ముందు ఇప్పుడున్న చట్టాన్ని వాడుకోండి. ఫిర్యాదు చేస్తే పేరు బయటపడుతుందని అందరి భయం. ఫ్యాక్టరీల చట్టం 118ఏ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు ఎవరిచ్చారన్నది ఇన్‌స్పెక్టర్ రహస్యంగా ఉంచాలి. ఫోన్ నోట్స్‌లో రోజూ గేటు లోపలికి వెళ్లిన టైమ్, బయటికొచ్చిన టైమ్ రాసుకోండి. ఏ షిఫ్టు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో ఫ్యాక్టరీలో బోర్డు పెట్టాలి, ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలో కూడా ఉండాలి. దాన్నీ, మీ నోట్స్‌నీ పక్కపక్కన పెడితే తేడా తేలిపోతుంది.

అచ్యుతాపురం షిఫ్ట్

అక్కా, ఈ ఉదయం వెళ్లి ఆ బోర్డు చూశాను. టైమ్ ఆఫీసు వెనక, మంటలార్పే సిలిండర్ పక్కన ఉంది. దుమ్ము తుడిస్తే గానీ కనబడలేదు, పైగా ఇంగ్లీషులోనే ఉంది. ఆరు నుంచి రెండు, రెండు నుంచి పది, పది నుంచి ఆరు అని రాసుంది. నిన్న రెండు గంటల షిఫ్టుకి వెళ్లి రాత్రి పన్నెండుకి బయటికొచ్చాను. ఫొటో తీసి పెట్టుకున్నాను, నోట్స్ ఈరోజే మొదలుపెట్టాను. మా లైన్‌లో ఇంకో నలుగురు కూడా రాస్తామన్నారు.