రోమ్‌లో చర్చిలకు టికెట్ పెట్టడం న్యాయమేనా?

కృష్ణాతీరం:

పోయిన అక్టోబర్‌లో అమ్మను రోమ్ తీసుకెళ్ళాను. అమ్మ పుట్టిల్లు గుణదల పక్కనే. ఏటా ఫిబ్రవరిలో మరియమాత తిరునాళ్ళకి చెప్పుల్లేకుండా కొండెక్కుతుంది. అక్కడ 1924లో మాత స్వరూపాన్ని నిలిపిన ఫాదర్ అర్లాటి గారు ఇటలీ నుంచి వచ్చినాయన. అందుకని అమ్మకి ఇటలీ పరాయి దేశంలా అనిపించదు, మన గుడి పెట్టినాయన దేశం అంటుంది.

పాంథియన్ ముందు క్యూలో నిలబడ్డాక నన్నడిగింది: "గుళ్ళోకి టికెట్టేంట్రా?"

అది మొదట రోమన్లు కట్టుకున్న గుడి అనీ, 609లో పోప్ నాలుగో బోనిఫేస్ దాన్ని మరియమాతకీ, విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన వేదసాక్షులకీ అంకితం చేశారనీ, అప్పట్నుంచీ చర్చిగానే ఉందనీ, 2023 జులైలో 5 యూరోల టికెట్ మొదలుపెట్టారనీ చెప్పాను. చెబుతుంటేనే తెలిసింది, అమ్మ అడిగినదానికి అది జవాబు కాదని. పద్నాలుగు వందల ఏళ్ళుగా చర్చి అయినప్పుడు ఇప్పుడు టికెట్ ఎందుకు?

రోమ్‌లో మిగతా చర్చిలు చాలావరకు ఇప్పటికీ ఉచితమే. అవి కూడా ఇదే దారి పట్టాలనేవాళ్ళు ఉన్నారు. నాకు ససేమిరా ఇష్టం లేదు. మీ మాట చెప్పండి.

రాతిగోడ:

నేను పాత కట్టడాల మరమ్మతు పనిలో ఉన్నాను, మాది వరంగల్. టికెట్ పెట్టాలనే అంటాను.

2018 ఆగస్టు 30న రోమ్‌లో సాన్ జుజెప్పె దేయి ఫలెన్యామి చర్చి పైకప్పు కూలిపోయింది. రోమన్ ఫోరమ్ పక్కనే, కింద పాత మామెర్టైన్ జైలు ఉన్న చోటు. ఆ సమయానికి లోపల ఎవరూ లేరు కాబట్టి ప్రాణాలు దక్కాయి. ఆ పూట పెళ్ళో పూజో జరుగుతూ ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

పాత కప్పులు ఎట్ల పోతాయో మా పనిలో రోజూ చూస్తాం. పైన ఒక పెంకు జరుగుతుంది. వాన నీళ్ళు మెల్లగా గోడలోకి దిగుతాయి. దూలం చివర గోడలోకి దిగిన చోట చెమ్మ పట్టి లోలోపల పుచ్చుతుంది. బయటికి ఏమీ తెలవదు, రంగు కూడా మంచిగనే ఉంటది. సుత్తితో తట్టి చూస్తే అక్కడ బోలు శబ్దం వస్తది. అలా తట్టి చూసే మనిషిని ఏడాదికోసారి పైకి ఎక్కించాలంటే పరంజా కావాలి, పనివాళ్ళు కావాలి, జీతాలు కావాలి. ఇవన్నీ ఎవరిస్తారు? రోజూ వేలమంది వచ్చి చూసి, ఫోటోలు తీసుకుని, చెమట ఆవిరి గోడలకు వదిలి పోతున్నరు. చూసేవాళ్ళు 5 యూరోలు ఇస్తే తప్పేముంది?

టోలిచౌకి:

తిరుమలలో 300 రూపాయల దర్శనం టికెట్ కొంటాం కదా. సర్వదర్శనం ఉచితంగా ఉంది, డబ్బున్నవాళ్ళకి వేరే వరస ఉంది. ఎవరూ దేవుణ్ణి అమ్ముకుంటున్నారని అనుకోరు. ఇక్కడ మాత్రం ఎందుకు బాధ?

కృష్ణాతీరం:

టోలిచౌకి గారూ, మీరే చెప్పారు, సర్వదర్శనం ఉందని. డబ్బు లేనివాడు రెండు రోజులు ఆగైనా స్వామిని చూసి వస్తాడు. ఆ 300 తొందరగా చూడ్డానికి. నేను అడుగుతున్నది గడప దాటడానికి పెట్టే టికెట్ గురించి.

రోమ్‌లో_చదువు:

నేను రోమ్‌లో చదువుకుంటున్న కేథలిక్ గురువుని, అంటే ఫాదర్‌ని, కోస్తా జిల్లా నుంచి వచ్చాను. కొన్ని విషయాలు కలగాపులగం అవుతున్నాయి, విడదీస్తాను.

పాంథియన్ ఇటలీ ప్రభుత్వ ఆస్తి. టికెట్ డబ్బులో 70 శాతం సాంస్కృతిక శాఖకి, 30 శాతం రోమ్ మేత్రాసనానికి, అంటే అక్కడి బిషప్ గారి పాలనకి. రోమ్ నగరవాసులకి ఉచితం. పూజకి వచ్చేవాళ్ళకి కూడా ఉచితం. ఇది ఒక పేట భక్తులకి ఉండే మామూలు విచారణ గుడిలాంటిది కాదు, అందుకే దీన్ని చూపించి మిగతా చర్చిల గురించి తీర్పు చెప్పకూడదు.

శ్రీసభ, అంటే కేథలిక్ చర్చి, చట్టంలో 1221వ సూత్రం ఉంది. ఆరాధన జరిగే వేళల్లో గుడి ప్రవేశం స్వేచ్ఛగా, ఉచితంగా ఉండాలని అది చెబుతుంది. ఇటలీ మేత్రాణుల (బిషప్‌ల) సమాఖ్య 2012లో ఇంకొంచెం ముందుకి వెళ్ళింది: టికెట్ పెడితే భూగర్భ గది, ఖజానా, గంటగోపురం, మఠం లోపలి వసారా లాంటి విడి భాగాలకే పెట్టుకోవాలి గానీ ప్రధాన ఆలయానికి కాదు అంది. కాబట్టి మా వాళ్ళ మాట ఇదివరకే స్పష్టంగా ఉంది.

రాతిగోడ గారు అడిగిన ఖర్చు సంగతి నిజమే. అయితే రోమ్‌లో పేరున్న చర్చిలు చాలా శ్రీసభ ఆస్తి కావు. ఇటలీ ఏకమయ్యాక ప్రభుత్వం మఠాలను రద్దు చేసి ఆస్తులు తీసుకుంది, రోమ్‌లో ఆ చట్టం 1873లో వచ్చింది. ఆ చర్చిలు ఇప్పుడు హోం శాఖ కింద ఉన్న ఒక నిధి చేతిలో ఉన్నాయి. జెసు చర్చి, సాంత మరియా దెల్ పోపొలో అలాంటివే. పూజ చేసేది మేము, కప్పు బాగుచేయాల్సింది వాళ్ళు.

రాతిగోడ:

ఫాదర్ గారూ, తెలియని సంగతి చెప్పారు, సంతోషం. కానీ ప్రభుత్వానిదైనా డబ్బు ఎక్కడినుంచో రావాలె కదా. ఇటలీ వాళ్ళు ఆదాయపు పన్నులో వెయ్యికి ఎనిమిది వంతులు ఏ మతానికో, ప్రభుత్వానికో రాసిస్తారని విన్న. ఆ పన్ను కట్టేది అక్కడివాళ్ళు. చూసిపోయే మనం పైసా ఇస్తలేం.

మెస్త్రేలో మల్లి:

మనం ఇవ్వట్లేదని ఎవరన్నారండీ? ఇటలీ నగరాల్లో హోటల్లో దిగితే రాత్రికింత అని మనిషికి బస పన్ను వేస్తారు. రోమ్‌లోనూ ఉంది. అందులోంచి కొంత చర్చి కప్పులకి తీయమని అడగండి. గుమ్మం దగ్గర వసూలు చేయాల్సిన పని లేదు.

నేను పదకొండేళ్ళుగా వెనిస్ పక్కన మెస్త్రేలో ఉంటున్నాను. వెనిస్‌లో చాలా చర్చిలకి ఎప్పట్నుంచో టికెట్ ఉంది. ఫ్రారీ చర్చిలో ప్రధాన పీఠం మీద టిషన్ వేసిన మరియమాత మోక్షారోపణ చిత్రం ఉంది, 1518లో పూర్తయింది. చూడాలంటే టికెట్ కొనాలి. ఆదివారం పూజకి వెళ్తే అదే చిత్రం కింద మోకరించి రావచ్చు, ఎవరూ ఏమీ అడగరు. ఇక్కడిదాకా నాకు అభ్యంతరం లేదు.

కానీ పూజకి వచ్చేవాళ్ళకి ఉచితం అని రాసుకోవడం తేలిక. మామూలు రోజున ఏం జరుగుతుందో నేను చెప్తాను. మా నాన్న పోయిన కబురు తెలిసిన రోజు ఇంటికి విమానం టికెట్ దొరకడానికి రెండు రోజులు పట్టేట్టుంది. ఏం చేయాలో తోచక పడవ దిగి కనబడిన చర్చికి వెళ్ళాను, ఒక కొవ్వొత్తి వెలిగిద్దామని. గుమ్మం దగ్గర కుర్చీలో ఉన్నతను టికెట్ అన్నాడు. ప్రార్థనకి వచ్చానన్నాను, వాళ్ళ భాషలోనే. నా ముఖం చూశాడు, నా బ్యాగు చూశాడు, మళ్ళీ టికెట్ అన్నాడు. నా రంగు చూసి ఊరు చూడ్డానికి వచ్చినదాన్ని అనుకున్నాడు. నేను జపమాల తీసి చూపించాను. అప్పుడు చెయ్యి ఊపాడు, వెళ్ళమని.

ఆ చర్చి పేరు చెప్పను. అతను చెడ్డవాడని కూడా అనను, అతని పని అది. కానీ టికెట్ బల్ల పెట్టాక ఎవరు భక్తులో ఎవరు కాదో తేల్చే పని ఒక మనిషికి అప్పజెప్పినట్టే. జపమాల లేని మనిషి ఏం చూపించాలి?

కృష్ణాతీరం:

అక్కా, నేను చెప్పలేకపోయిన మాట మీరు చెప్పారు.

ఆ రోజు పాంథియన్ చూశాక ఐదారు నిమిషాలు నడిచి సాన్ లుయిజి దేయి ఫ్రాంచేజికి వెళ్ళాం. అక్కడ ఎడమవైపు చివరి చిన్న గుడిలో పునీత మత్తయి మీద కరవాజ్జో వేసిన మూడు చిత్రాలున్నాయి. ఒకదాంట్లో మత్తయి సుంకపు మెట్టు దగ్గర కూర్చుని ఉన్నాడు, బల్ల మీద నాణేలు లెక్కపెడుతున్నారు. కుడివైపు నుంచి క్రీస్తు చెయ్యి చాపి పిలుస్తున్నాడు. ఆ చీకటి గదిలో వెలుతురు ఆ చెయ్యి వెనకనుంచే పడుతుంది. సుంకం వసూలు చేసే బల్ల దగ్గర్నుంచి లేచి రమ్మని పిలిచే చిత్రం అది. దాని ముందు మళ్ళీ ఒక బల్ల వేసి టికెట్లు అమ్మితే, ఆ చిత్రం అక్కడ ఉండడానికి అర్థమేముంది?

అక్కణ్ణుంచి మూడు నిమిషాల నడకలో సాన్త్ అగోస్తీనో. అక్కడా ఆయన చిత్రం ఒకటుంది. మరియమాత బాలయేసుని ఎత్తుకుని గడప మీద నిలబడి ఉంటుంది, ముందర ఇద్దరు ముసలి యాత్రికులు చేతులు జోడించి మోకాళ్ళ మీద ఉంటారు. వాళ్ళలో మగమనిషి అరికాళ్ళు మనవైపే తిరిగి ఉంటాయి. మట్టి కొట్టుకుపోయి, మడమ దగ్గర నల్లగా. ఎత్తులో సరిగ్గా మన కళ్ళెదుటికి వస్తాయి. పీఠం మీద పెట్టే చిత్రంలో ఈ మురికి కాళ్ళేంటని ఆ రోజుల్లో జనంలో పెద్ద గోలే జరిగిందట. అమ్మ మాత్రం ఆ కాళ్ళనే చాలాసేపు చూసింది. "కొండెక్కి వచ్చినట్టున్నారు" అంది. ఆ ఇద్దరి దగ్గరా ఆ రోజు 5 యూరోలు ఉండేవి కావు.

ఫ్రాంక్‌ఫర్ట్ బాబాయి:

అబ్బాయ్, నీ మాట మనసుకి తగిలింది. కానీ నేను వేరే కారణంతో టికెట్ కోరుకుంటాను. సాన్త్ ఇన్యాసియో చర్చికి వెళ్ళావా? పైకప్పు మీద ఆండ్రియా పొజ్జో వేసిన చిత్రం చూస్తే పైన ఆకాశం తెరుచుకున్నట్టుంటుంది. గోపురం కట్టడం కుదరకపోతే గుడ్డ మీద గోపురం గీసి బిగించారు, నేల మీద గుర్తు పెట్టిన చోట నిలబడితే నిజం గోపురమే అనిపిస్తుంది. ఇప్పుడు అక్కడ జనం ఏం చేస్తున్నారు? మధ్యలో ఒక అద్దం బల్ల ఉంది, దాంట్లో కప్పుతో పాటు తమ ముఖం పడేలా సెల్ఫీ తీసుకోవడానికి వరస కడుతున్నారు. తల పైకెత్తి చూసినవాళ్ళు నాకు అరుదుగా కనబడ్డారు. పక్కన పీఠం దగ్గర ఎవరో ప్రార్థన చేసుకుంటుంటే ఈ సందడి. డబ్బు పెట్టి వచ్చినవాడు కాస్త బుద్ధిగా చూస్తాడు.

కృష్ణాతీరం:

బాబాయ్ గారూ, నాకలా అనిపించదు. డబ్బు పెట్టినవాడు కొన్నాననుకుంటాడు. ఉచితంగా వచ్చినవాడికి "పూజ జరుగుతోంది, కాసేపు ఆగండి" అని చెబితే ఆగుతాడు. టికెట్ కొన్నవాడు నా సమయం పోతోందని గొడవపడతాడు. అద్దం తీసేస్తే చాలు, వరస పోతుంది. దానికి టికెట్ అక్కర్లేదు.

రాతిగోడ:

మల్లి గారి మాట చదివినంక నేను కొంచెం జరిగిన. గుమ్మం దగ్గర మనిషిని కూర్చోబెట్టొద్దు, ఒప్పుకుంటున్న. కానీ టికెట్ అసలే వద్దు అంటే ఒప్పుకోను. ఫాదర్ గారు చెప్పిన పద్ధతి చక్కగా నడుస్తున్న చోటు ఒకటి ఉంది, సాన్ క్లెమెంతె.

కొలోసియం దగ్గర. పైన 12వ శతాబ్దపు చర్చి, ఉచితం. దాని కింద 4వ శతాబ్దపు చర్చి, దాని కింద 1వ శతాబ్దపు రోమన్ కట్టడాలు, మిత్ర దేవుడి గుడి. కిందికి దిగాలంటే టికెట్. ఐర్లాండ్ నుంచి వచ్చిన డొమినికన్ సభ గురువులు చూసుకుంటారు. వాళ్ళలో ఫాదర్ ములూలీ అనే ఆయన 1857లో తవ్వకం మొదలుపెట్టిండు, అంతదాకా కింద ఇంకో చర్చి ఉందని పైనున్నవాళ్ళకు తెలవదు. మెట్లు దిగుతుంటే చల్లగా ఉంటది. అట్టడుగుకి పోతే గోడ అవతల నీళ్ళు పారుతున్న చప్పుడు వినబడుతది. మధ్య అంతస్తులో ఒక గోడ చిత్రం మీద మనుషులు మాట్లాడుకునే మాటలు లాటిన్‌లో కాక జనం భాషలో రాసి ఉన్నయి, వాడుక ఇటాలియన్‌లో దొరికిన తొలి రాతల్లో అదొకటి. మన శాసనాల్లో తెలుగు మాట మొదటిసారి కనబడినప్పుడు కలిగే ఆనందం నాకు అక్కడ కలిగింది, అరగంట నిలబడిపోయిన.

అట్లాంటి దానికి టికెట్ పెట్టండి, పదికి పది ఇస్త. మోకరించే చోటుకి వద్దు. కానీ కింద గుహలు, ఖజానాలు ఏమీ లేని చిన్న చర్చిల సంగతి? అవే ముందు కూలేది. దానికి నాకు జవాబు దొరకలేదు, మీ ఎవరి దగ్గరా కూడా కనబడలేదు.

రోమ్‌లో_చదువు:

నిజం. ఇంకొకటి కూడా ఉంది. మనుషుల్లేక రోమ్ చర్చిలు చాలావరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి నాలుగు దాకా మూసేస్తారు. దూరం నుంచి వచ్చినవాళ్ళకి అప్పుడు ఉచితం కూడా అక్కరకు రాదు. ఒక మనిషిని అక్కడ కూర్చోబెట్టే డబ్బు కావాలి, టికెట్ అడగడానికి కాదు, తలుపు తెరిచి ఉంచడానికి. నేను ఉండే చోట విచారణ గురువుగారు కప్పు ఎక్కడ కారుతోందో ఫోటో తీసి, ఎంత కావాలో, ఇప్పటికి ఎంత వచ్చిందో రాసి హుండీ పక్కన అతికించారు. ఊరికే హుండీ పెట్టినప్పటికంటే ఎక్కువ వస్తోంది. సరిపోతుందని చెప్పను.

కృష్ణాతీరం:

మీ మాటలన్నీ రాత్రి అమ్మకి చదివి వినిపించాను. అప్పుడు బయటపెట్టింది. సాన్త్ అగోస్తీనోలో తలుపు పక్కనే సాన్సొవీనో చెక్కిన మరియమాత విగ్రహం ఉంది. కడుపుతో ఉన్నవాళ్ళు, పిల్లలు కావాలనుకునేవాళ్ళు అక్కడ మొక్కుకుంటారు. చుట్టూ గులాబీ రంగు, నీలం రంగు రిబ్బన్లు, పసిపిల్లల ఫోటోలు. మా చెల్లికి ఏడో నెల అప్పుడు. నేను చిత్రం చూస్తుండగా అమ్మ అక్కడ హుండీలో 10 యూరోల నోటు వేసిందట, పాంథియన్‌లో ఇద్దరికీ అయినంత. నాతో అనలేదు.

రాతిగోడ అన్నా, దాంతో దూలం మారదని నాకూ తెలుసు.

రోమ్‌లో_చదువు:

అమ్మగారిని మళ్ళీ తీసుకొస్తే పెంతెకోస్తు పండక్కి రండి. ఆ ఆదివారం పాంథియన్‌లో పూజ అయ్యాక అగ్నిమాపక దళం వాళ్ళు గోపురం ఎక్కి, నడినెత్తిన ఉన్న ఆ గుండ్రటి రంధ్రం నుంచి ఎర్ర గులాబీ రేకులు కిందికి వదులుతారు. పూజకి వచ్చేవాళ్ళకి టికెట్ ఉండదు గానీ జనం విరగబడతారు. పెందలాడే వచ్చి నిలబడాలి.

కృష్ణాతీరం:

చెల్లికి బాబు పుట్టాడు ఫాదర్ గారూ, ఐదో నెల. వాడి ఫోటో ఒకటి తీసుకెళ్ళి ఆ రిబ్బన్ల మధ్య పెట్టాలట. పెంతెకోస్తు ఏ తారీకున వస్తుందో గుడి క్యాలెండర్‌లో వెతుకుతోంది అమ్మ.