‘హ్యావ్ ద డ్రైవర్ కాల్ మీ’ అంటే ఏం చెప్పినట్టు?

లాడ్జి రిసెప్షన్, తిరుపతి:

అందరికీ నమస్కారం. బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో నైట్ డ్యూటీ చేస్తా. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. రూము, హాట్ వాటర్, లగేజీ, ఎక్స్‌ట్రా బెడ్... ఇంతవరకు ఇంగ్లీషు నడిచిపోతుంది. అది దాటితేనే టెన్షన్.

మొన్న న్యూజెర్సీ నుంచి ఒక గుజరాతీ పెద్దాయన, భార్యతో కలిసి వచ్చి దిగాడు. తెల్లవారుజామున కాళహస్తిలో రాహుకేతు పూజకు పోవాలంటే కారు మాట్లాడిపెట్టా. రాత్రి పదకొండుకి వాట్సాప్‌లో మెసేజ్: ‘ప్లీజ్ హ్యావ్ ద డ్రైవర్ కాల్ మీ.’ హ్యావ్ అంటే ‘కలిగి ఉండు’ అని బళ్ళో చెప్పారు. కాల్ మీ అంటే నాకు ఫోన్ చెయ్యి. డ్రైవర్ దొరికితే నాకు ఫోన్ చెయ్యమంటున్నాడు కాబోలు అనుకున్నా. డ్రైవర్ ముందే దొరికాడు కదా, వెంటనే ఫోన్ కొట్టి ‘సార్, డ్రైవర్ ఈజ్ హ్యావింగ్’ అన్నా. ఆయన కాసేపు గమ్మున ఉండి ‘హ్యావింగ్ వాట్?’ అన్నాడు. ఏం చెప్పాలో తోచక ‘డిన్నర్ సార్’ అనేశా.

అక్కడితో అయిపోలేదు. మరుసటి రోజు కొండకి పోయి గుండుతో, గంధంతో దిగి వచ్చాడు. పలకరింపుగా ‘సార్, యూ షేవ్డ్ యువర్ హెడ్?’ అన్నా. ‘నో నో, ఐ హ్యాడ్ ఇట్ షేవ్డ్’ అని నవ్వాడు. గుండు ఎదురుగా మెరుస్తా ఉంటే నో అంటాడేంది? ‘హ్యాడ్ షేవ్డ్’ అయితే పాస్ట్ పర్ఫెక్ట్ అని తెలుసు. ఈయన మధ్యలో ‘ఇట్’ దూర్చాడు.

వి1, వి2, వి3లు (గో, వెంట్, గాన్ లాగా క్రియ మూడు రూపాలు) వందకు పైగా నోటికి వచ్చు నాకు. వాటిని ఎక్కడ పెట్టాలో మాత్రం తెలీదు. ఈ హ్యావ్ కథేందో ఎవరైనా చెప్తారా?

రేణిగుంట టాక్సీ:

తమ్ముడూ, నీ లాడ్జి డ్రైవర్ని నేను కాదులే. నేనైతే ‘డ్రైవర్ కాల్ యూ సార్, ఫైవ్ మినిట్స్’ అని పెడతా. పన్నెండేళ్ళుగా ఎయిర్‌పోర్టు పార్టీలతో ఇదే బండి, ఇదే ఇంగ్లీషు. ఎవరూ దిగిపోలేదు.

చంద్రగిరి మాస్టారు:

తప్పు నీది కాదు నాయనా, హ్యావ్ అంటే కలిగి ఉండు అని బోర్డు మీద రాసి వదిలేసిన నాలాంటి వాళ్ళది. 31 ఏళ్ళు అదే రాశాను.

నిజానికి నీకిది పుట్టుకతోనే వచ్చు. చేశాను, చేయించాను. రాశాను, రాయించాను. పని ఇంకొకరి చేత జరిపిస్తే మనం క్రియకు ఒక ‘ఇంచు’ తగిలిస్తాం. ఇంగ్లీషులో అలా తగిలించే వీల్లేదు, ముందు వేరే మాట పెట్టుకోవాలి. హ్యావ్ ద డ్రైవర్ కాల్ మీ: డ్రైవర్ చేత నాకు ఫోన్ చేయించు. అంతే.

చిక్కు ఎక్కడంటే, మనకు ఒక్క ‘ఇంచు’ సరిపోయే చోట వాళ్ళకు మూడు మాటలు కావాలి. చెప్తే చేసేవాడి చేత చేయిస్తే హ్యావ్. బతిమాలో నచ్చజెప్పో చేయిస్తే గెట్. తప్పించుకోనివ్వకుండా చేయిస్తే మేక్. నీ లాడ్జి లెక్కలోనే చెప్తా. రూమ్ బాయ్ చేత నీళ్ళు తెప్పించావు: ఐ హ్యాడ్ ద బాయ్ బ్రింగ్ వాటర్. ఓనర్ని బతిమాలి సెలవు ఒప్పించుకున్నావు: ఐ గాట్ ద ఓనర్ టు గివ్ మీ లీవ్. ఆ ఓనరే నీ చేత డబుల్ డ్యూటీ చేయించాడు: హి మేడ్ మీ డూ డబుల్ డ్యూటీ. గెట్ ఉన్న వాక్యంలో మాత్రమే ‘టు’ ఉంది, చూశావా? మేక్ దగ్గర రాదు. కానీ వాక్యాన్ని పాసివ్‌లోకి తిరగేస్తే ఆ ‘టు’ ఎక్కడి నుంచో ఊడిపడుతుంది. మమ్మల్ని నిలబెట్టారు: వి వర్ మేడ్ టు స్టాండ్. ఎందుకని అడగొద్దు, పిల్లలు అడిగినప్పుడల్లా గంట కొట్టేవాళ్ళు, బతికిపోయేవాణ్ణి.

ఇక గుండు. చేసినవాడెవరో చెప్పక్కర్లేనప్పుడు పని జరిగిన వస్తువును మధ్యలో పెట్టి, ఆ తర్వాత వి3 వేస్తారు. ఐ హ్యాడ్ మై హెడ్ షేవ్డ్: గుండు చేయించుకున్నాను. ఐ షేవ్డ్ మై హెడ్: అద్దం ముందు కూర్చుని నేనే గీసుకున్నాను. కల్యాణకట్టలో టోకెనూ బ్లేడూ మన చేతికే ఇస్తారు గానీ గీసేది క్షురకుడు కదా. ఆయన నో అన్నది అందుకే.

క్రియను ఒంటరిగా కాదు, దాని పక్కన ఏమేం వస్తాయో వాటితో కలిపి నేర్పాలని పట్టుబట్టినవాడు హార్న్‌బీ అనే ఇంగ్లండు మాస్టారు. ఇంగ్లీషు చెప్పడానికి 1924లో జపాన్ వెళ్ళాడు. మరో ఇద్దరితో కలిసి తయారుచేసిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయింది. క్రియల వరసలను 25 రకాలుగా విడగొట్టి, ఏ క్రియకు ఏ రకమో నంబర్లతో చూపించాడు. 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు దాన్నే మళ్ళీ వేశారు. నీ వందా పక్కన ఒక్కో వాక్యం రాసుకో, చాలు.

కొర్లగుంట అక్క:

మాస్టారికి నమస్కారం. ఒకచోట మాత్రం ఒప్పుకోను. ‘ఇంచు’ కనపడిన చోటల్లా హ్యావ్ పెట్టేస్తే కొంప మునుగుతుంది. చూపించు అంటే షో, తినిపించు అంటే ఫీడ్. వాటికి విడిగా మాటలున్నాయి. మేక్ అంటే బలవంతమే అని కూడా కాదు. జోకు నవ్వించినా, ఉల్లిపాయ ఏడిపించినా ‘మేడ్ మీ’ అనే అంటారు. ఉల్లిపాయ నన్నేమీ బెదిరించలేదు.

నేను బెంగళూరు కాల్ సెంటర్‌లో నాలుగేళ్ళు చేసి వచ్చి ఇక్కడ మిషన్ పెట్టుకున్నా. ఇంగ్లీషు మీడియం పిల్లలు వచ్చి ‘ఆంటీ, ఐ స్టిచ్డ్ దిస్ బ్లౌజ్ ఇన్ చెన్నై’ అంటారు. నువ్వే కుట్టావా తల్లీ అంటే, అయ్యో కాదు, టైలర్ అంటారు. ‘ఐ గాట్ ఇట్ స్టిచ్డ్’ అనాలి. తెలుగులో అయితే ఏ పిల్లా ‘కుట్టాను’ అనదు, ‘కుట్టించుకున్నా’ అనే అంటుంది. ఇంగ్లీషులోకి పోయేసరికి ఆ ‘ఇంచు’ దారిలో జారిపోతుంది.

తమ్ముడూ, నేను బోల్తాపడింది ఇంకో చోట. కాల్‌లో అమెరికా ఆవిడ ‘ఐ హ్యాడ్ మై పర్స్ స్టోలెన్’ అంది. సొంత పర్సు తనే దొంగతనం చేయించిందా అని బిత్తరపోయా. కాదంట, ఎవరో కొట్టేశారంట. కావాలని చేయించుకున్నా అదే వరస, మన ఖర్మ కొద్దీ జరిగినా అదే వరస. సందర్భాన్ని బట్టి పట్టుకోవాల్సిందే. అన్నట్టు, ‘హ్యావ్ హిమ్ కాల్’ అమెరికా వాళ్ళ నోట ఎక్కువ. బ్రిటన్ వాళ్ళు ఎక్కువగా ‘గెట్ హిమ్ టు కాల్’ అంటారు. నీ దగ్గరికి రెండు రకాలూ వస్తారు.

లాడ్జి రిసెప్షన్, తిరుపతి:

అక్కా, మాస్టారూ, రాత్రే పరీక్ష పెట్టారు నాకు. ఒక పార్టీ ‘గెట్ ద డ్రైవర్ టు కమ్ బై ఫోర్’ అని మెసేజ్ పెట్టింది. ఈసారి తడబడలేదు. ‘షూర్ సార్, ఐ విల్ హ్యావ్ హిమ్ కాల్ యూ’ అని కొట్టా. బొటనవేలు బొమ్మ వచ్చింది. మూడున్నరకి చూస్తే డ్రైవర్ ఫోన్ ఎత్తడు, కార్లోనే సీటు వాల్చుకుని నిద్ర. వాచ్‌మన్‌ని పంపించి లేపించా. ‘ఐ గాట్ ద వాచ్‌మన్ టు వేక్ ద డ్రైవర్.’ రైటేనా సార్?

చంద్రగిరి మాస్టారు:

టు కూడా మర్చిపోలేదు, బాగుంది. గాట్ అన్నావు, వాచ్‌మన్ చెప్పగానే లేచి పోయాడా, బతిమాలించుకున్నాడా?

లాడ్జి రిసెప్షన్, తిరుపతి:

టీ ఇప్పిస్తానన్నా కదల్లేదు సార్. టీ, బన్నూ అన్నాక లేచాడు.