వణుకు మందు పెంచాక నాన్నకి పేకాట పిచ్చి. ఎవరింట్లోనైనా ఇలా అయిందా?

గోదారిగట్టు:
నాన్నకి 64. పార్కిన్సన్స్ వచ్చి ఆరేళ్లు. సంక్రాంతికి తప్ప పేక ముట్టని మనిషి. పోయినేడు ప్రమిపెక్సోల్ మోతాదు పెంచారు. నడక బాగైంది, చెయ్యి వణుకు తగ్గింది, అందరం సంతోషించాం. మూడు నెలలకి ఒక రాత్రి రెండింటికి అమ్మ లేచి చూస్తే బాత్రూంలో కూచుని ఫోన్లో రమ్మీ. ఖాతాలో లక్షా నలభై వేలు లేవు. "అంత సరదాగా ఉంటుందా నాన్నా?" అని అడిగా. "లేదురా, ఏం బాలేదు. చెయ్యి ఊరుకోవట్లేదు" అన్నారు. తిట్టాలో జాలిపడాలో తెలీట్లేదు.

వడ్లగింజ:
తిట్టకండి. మా మేనమామకీ అదే మందు. ఆయనకి పేకాట కాదు, చీరలు. టీవీలో ఏది చూపిస్తే అది ఆర్డరు. అత్తయ్య పోయి నాలుగేళ్లు. బీరువా తెరిస్తే విప్పని పార్సిళ్లు 31. మోతాదు తగ్గించిన రెండు నెలలకి ఆగింది.

న్యూరో_పీజీ:
ఇది తెలిసిన సైడ్ ఎఫెక్టే. 2010లో 3,090 మంది పార్కిన్సన్స్ రోగుల మీద వచ్చిన అధ్యయనంలో ఈ జాతి మందులు (మెదడులో డోపమిన్ అనే రసాయనంలా పనిచేసేవి) వాడేవాళ్లలో 17 శాతం మందికి జూదమో, కొనుగోళ్లో, తిండో, శృంగారమో అదుపు తప్పింది. వాడనివాళ్లలో 7 శాతం.

నడిమి మెదడు నుంచి డోపమిన్‌కి ముఖ్యంగా రెండు దారులు. ఒకటి కదలికలకి, రెండోది కోరికకి. జబ్బు మొదటిదాన్ని ఎక్కువ తింటుంది, రెండోది చాలావరకు బాగానే ఉంటుంది. మాత్రకి ఆ తేడా తెలీదు. పైగా ప్రమిపెక్సోల్ అతుక్కునే డీ3 గ్రాహకాలు, అంటే డోపమిన్‌ని అందుకునే చోట్లు, రెండో దారిలోనే ఎక్కువ. మామూలుగా అనుకున్న గెలుపు రాకపోతే డోపమిన్ కాసేపు పడిపోతుంది, 'చాల్లే' అనే పాఠం అదే. మాత్ర గ్రాహకాన్ని అలా నొక్కిపట్టి ఉంచితే ఓటమి ఓటమిలా తగలదని ఒక వివరణ.

మందు మీరే ఆపేయకండి. హఠాత్తుగా ఆపితే దిగులు, ఆందోళన, చెమటలు పట్టుకుంటాయి.

చెరువుగట్టు_రాజు:
ఆగండాగండి. డోపమిన్ అంటే ఆనందం అని రోజూ రీల్స్‌లో చెప్తున్నారుగా. మరి ఆయనకి సరదా లేదంటున్నారేంటి?

న్యూరో_పీజీ:
రీల్స్ వదిలెయ్యండి. 1989లో అమెరికా శాస్త్రవేత్త కెంట్ బెరిడ్జ్ బృందం ఎలకల మెదడులో డోపమిన్ నాడుల్ని దాదాపు పూర్తిగా చంపి చూసింది. అవి తిండి వైపు కదల్లేదు. నోట్లో తియ్యనీళ్లు పోస్తే మాత్రం ఎప్పట్లాగే మూతి నాక్కున్నాయి. కావాలనిపించడం వేరు, బాగుందనిపించడం వేరు. రెండోదాంట్లో పెద్ద పాత్ర మెదడు సొంతంగా తయారుచేసుకునే ఓపియాయిడ్లది, అంటే నల్లమందు లాంటి రసాయనాలది. గోదారిగట్టు గారి నాన్న చెప్పింది అక్షరాలా అదే.

మానేసినోణ్ణి:
నాది తిరగేసిన కేసు. తాగుడు మాన్పించడానికి, లివర్ పరీక్షలు చూసి నల్‌ట్రెక్సోన్ ఇచ్చారు. అది ఓపియాయిడ్ గ్రాహకాల్ని మూసేస్తుంది. మొదటి వారం తాగితే మందు మందులానే ఉంది, కాళ్లు తడబడ్డాయి, కిక్కు మాత్రం లేదు. ఉప్పులేని పప్పు తిన్నట్టు. కానీ షాపు ముందు నుంచి వెళ్తూ పల్లీలు వేయించే వాసన తగిల్తే బండి దానంతటదే స్లో అయ్యేది. అది పోవడానికి నెలలు పట్టింది.

న్యూరో_పీజీ:
ఆ వాసన పని గ్లుటమేట్ అనే ఇంకో మెదడు రసాయనానిది. జ్ఞాపకాలు దాని మీదుగానే కోరిక కేంద్రానికి చేరతాయి. ఇక డోపమిన్ నాడుల మీద గాబా అనే బ్రేకు ఉంటుంది. తాగితే విడుదలయ్యే ఓపియాయిడ్లు ఆ బ్రేకు వదిలేస్తాయి, డోపమిన్ పొంగుతుంది. నల్‌ట్రెక్సోన్ ఉంటే బ్రేకు అంత తేలిగ్గా వదలదు. సిగరెట్టుది ఇంకో తలుపు, నికోటిన్ అసిటైల్‌కోలిన్ అనే మరో రసాయనపు గ్రాహకాల ద్వారా డోపమిన్ నాడుల్ని నేరుగా తడుతుంది.

పెద్దబావి:
ఇవన్నీ ఎందుకు, దూలగొండి గింజల పొడి పెట్టండి. ప్రకృతి వైద్యం.

న్యూరో_పీజీ:
దూలగొండిలో ఉండేదీ ఎల్-డోపానే అండీ, మెదడులో డోపమిన్‌గా మారేది. వాడుతున్న మాత్రల మీద అది కూడా వేస్తే మోతాదు ఎంతో ఎవరికీ లెక్క ఉండదు.

గోదారిగట్టు:
డాక్టరుకి చెప్పాం. "ముందే ఎందుకు చెప్పలేదు" అన్నారు. ఇలా అవుతుందని మాకూ ఎవరూ చెప్పలేదు లెండి. కొద్దికొద్దిగా తగ్గిస్తున్నారు. ఫోన్లో డబ్బుల యాప్ తీసేశాం, నాన్నే తీసెయ్యమన్నారు. ఐదు వారాలైంది, రాత్రిళ్లు పడుకుంటున్నారు. ఎడమ చెయ్యి వణుకు మళ్లీ మొదలైంది. అమ్మ టీ సగం గ్లాసే పోసి ఇస్తోంది.