డబ్బు కట్టే ముందు ఫ్యాషన్ కాలేజీని చూసి రావాలా, అక్కర్లేదా?

కావలి అమ్మ:
మా పాప ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఫ్యాషన్ డిజైన్ తప్ప ఇంకోటి చదవనంటుండాది. నాది జాకెట్లు కుట్టే షాపు, మగ్గం వర్క్ కూడా చేయిస్తాను. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీ పీఆర్వో ఇంటికొచ్చి, నెలాఖరులోపు అడ్వాన్సు కడితే ఫీజు తగ్గిస్తామన్నాడు. పాపేమో ఒకసారి పోయి చూసొద్దామమ్మా అంటుంది. మా మరిది మాత్రం 'బిల్డింగు చూస్తే ఏం తెలస్తది వదినా, వీడియోలు ఉండాయి గదా, రానూపోనూ ఖర్చు దండగ' అంటుండాడు. పెళ్లిళ్ల రోజులు, షాపు మూస్తే నాకు గడవదు. పోవాలా, వద్దా?

ఒంగోలు లెక్చరర్:
మీ మరిది మాటలో న్యాయముందమ్మా. ఫ్యాషన్ అంటే ముందు నిఫ్ట్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ) గురించి ఆలోచించండి. 1986లో మొదలైన కేంద్ర సంస్థ, జౌళి మంత్రిత్వ శాఖ కింద ఉంటుంది, హైదరాబాద్ క్యాంపస్ మాదాపూర్‌లో ఉంది. అక్కడ సీటు ర్యాంకును బట్టే. బొమ్మలు గీసే పరీక్ష, జనరల్ ఎబిలిటీ పరీక్ష, అవి దాటితే సిచ్యుయేషన్ టెస్టు. అందులో సామాను చేతికిచ్చి, కూర్చోబెట్టి మోడల్ చేయిస్తారు. క్యాంపస్ చూసొచ్చినంత మాత్రాన ఇందులో ఒక్క మార్కూ పెరగదు. ఆ ఖర్చుతో పాపకు అట్టలు, రంగులు, తీగ, జిగురు కొనిపెట్టండి, రోజూ ఏదో ఒకటి చేయించండి. ఎంపీసీ కాబట్టి అక్కడే బట్టల తయారీ వైపు ఉండే బీఎఫ్‌టెక్ డిగ్రీకీ అర్హత ఉంది. నాలుగేళ్ల ఖర్చు పది లక్షలు దాటుతుంది, బ్యాంకు లోను సంగతి ఇప్పుడే కనుక్కోండి.

నెల్లూరు అమ్మాయి (ఫ్యాషన్ డిజైన్ చదివి హైదరాబాద్‌లో పనిచేస్తున్నాను):
సార్, ర్యాంకుతో సీటిచ్చే చోటికి మీరు చెప్పింది సరే. కానీ అక్క అడిగేది ఇంటికొచ్చి అడ్వాన్సు అడిగే కాలేజీ గురించి. అక్కడ చూడకుండా రూపాయి కూడా కట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

అక్కా, ఆదివారం పోవద్దు, వాళ్లు పిలిచే ఓపెన్ డే నాడూ వద్దు. క్లాసులు జరిగే రోజు పొండి. రిసెప్షన్‌లో అద్దాల మధ్య నిలబెట్టిన డ్రెస్సులు చూపిస్తారు, అవి ఎప్పటివో, ఎవరు కుట్టారో తెలియదు. సెకండియర్ పిల్లలు పనిచేసే గది చూపించమనండి. ప్యాటర్న్ కత్తిరించే బల్లలు నిలబడి పనిచేసే ఎత్తులో ఉన్నాయా, ఎంతమందికి ఒక కుట్టు మిషన్, గుడ్డ అంచు పోగులు ఊడకుండా కుట్టే ఓవర్‌లాక్ మిషన్ నడుస్తోందా, పాడైపోయి మూల పడిందా, సాయంత్రం క్లాసు అయ్యాక పిల్లల్ని అక్కడ పనిచేసుకోనిస్తారా, లేక తాళం వేస్తారా? ఈ చివరిది మరీ ముఖ్యం. మా చదువులో సగం నేర్చుకున్నది క్లాసు అయిపోయాకే.

ఇంకో సంగతి. పిల్లలు కుట్టిన డ్రెస్సు ఒకటి అడిగి తీసుకుని లోపలి వైపు తిప్పి చూడండి. కుట్టు ఎట్టా ముగించారు, లోపల గుడ్డ ఎంత వదిలారు, ఒంటికి అమరేట్టు మడిచి కుట్టే డార్టు యాడ పడింది, జిప్పు దగ్గర ముడత ఉందా. ఏ వెబ్‌సైటూ చెప్పని సంగతి మీ కళ్లు అయిదు నిమిషాల్లో చెప్పేస్తాయి. రోజూ జాకెట్లు కుట్టే మనిషి మీరు. మీ మరిదినో ఇంకొకరినో పంపితే అది వాళ్లకు తెలియదు, మీరే పోవాలి. కావలిలో రాత్రి సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి సికింద్రాబాద్.

కోవూరు బాబాయి:
కుట్టు చూడండి, కాదనను. దానికంటే ముందు కాగితం చూడండి. డిగ్రీ ఎవరిస్తారని అడగండి. 1956 యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) చట్టం 22వ సెక్షన్ ప్రకారం విశ్వవిద్యాలయాలు, చట్టం అధికారం ఇచ్చిన సంస్థలు మాత్రమే డిగ్రీ ఇవ్వగలవు. నిఫ్ట్‌కు ఆ అధికారం 2006 చట్టంతో వచ్చింది. బయట మాత్రం బోర్డు మీద 'డిజైన్ డిగ్రీ' అని రాసుకుని, లోపల డిప్లొమా చేతిలో పెట్టేవాళ్లున్నారు. ఏ యూనివర్సిటీకి అనుబంధమో రాతపూర్వకంగా తీసుకుని, యూజీసీ జాబితాతో సరిచూసుకోండి.

అడ్వాన్సు సంగతి కూడా. యూనివర్సిటీలు, వాటి అనుబంధ కాలేజీల కోసం 2018లో యూజీసీ పెట్టిన నిబంధన ఉంది. అడ్మిషన్ల చివరి తేదీకి 15 రోజులు ముందే మానుకుంటే ఫీజు మొత్తం తిరిగివ్వాలి, ప్రాసెసింగ్ కింద 5 శాతం, అదీ 5 వేలకు మించకుండా పట్టుకోవచ్చు. చివరి తేదీ దాటి నెల అయిందంటే పైసా రాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర ఉంచుకోకూడదు. ఏ యూనివర్సిటీకీ చెందని శిక్షణ సంస్థకు ఈ నిబంధన వర్తించదు, అక్కడ అడ్వాన్సు వెనక్కి రప్పించుకోవడం కష్టం.

పాటూరు నేతగాడు:
హైదరాబాద్ పోయేముందు మా ఊరు రండమ్మా. బట్ట ఎట్టా పుడతదో చూడకుండా బట్టకు డిజైన్ ఏం చేస్తారు? పడుగు, పేక (నిలువు, అడ్డం పోగులు) ముట్టుకుని చూడనీండి పాపను. వెంకటగిరిలో మగ్గం మీదే బుటాలు వేసే జాందానీ నేత చూడండి. జిల్లా మారి 2022లో తిరుపతి కిందకు పోయినా, మా నోట్లో అది నెల్లూరు చీరే. ప్రగడ కోటయ్య పేరిట చేనేత టెక్నాలజీ సంస్థ ఆడే ఉంది, డిప్లొమా చెప్తారు. అమరావతిలో ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఉంది, అందులో టెక్స్‌టైల్, అపారెల్ డిజైన్ ఉంది. ఇన్ని దగ్గర్లో పెట్టుకుని పీఆర్వో వెనక పోవడమేంది?

ఒంగోలు లెక్చరర్:
బాబాయి చెప్పిన కాగితం మాటకు వంద శాతం ఒప్పుకుంటాను. ప్రైవేటు కాలేజీ అయితే చూసి రావడమే మంచిది. అయినా నా మాట ఒకటి మిగిలే ఉంది. పాప నిఫ్ట్ రాయకుండానే ఈ పీఆర్వో తొందరకు లొంగవద్దు. దరఖాస్తులు ఏడాది చివర్లో పిలుస్తారు, పరీక్ష మరుసటి ఏడాది మొదట్లో ఉంటుంది.

కావలి అమ్మ:
అడ్వాన్సు ఇప్పుడు కట్టేది లేదని పీఆర్వోకు చెప్పేశాను. ఆదివారం పాటూరు పోతాం. తర్వాత పని దినం చూసుకుని హైదరాబాద్. అక్కడ పాప పక్కన నేను ఉంటే పిల్లలు నిజం చెప్తారా అనేదే అనుమానం.

నెల్లూరు అమ్మాయి:
చెప్పరక్కా. మీరు కుట్టుగదిలో సార్లతో మాట్లాడతా ఉండండి, పాపను క్యాంటీన్‌కు పంపండి. ఫైనలియర్ వాళ్ల దగ్గర కూర్చుని, ఇంటర్న్‌షిప్ ఎవరు చూపించారు, కాలేజీనా, వాళ్లే వెతుక్కున్నారా అని అడగమనండి.