చూడముచ్చటైన ఐస్ హాకీ కావాలా, ఏప్రిల్లో నిలబడే హాకీ కావాలా?

మిస్సిసాగా నాన్న:
2016 అక్టోబర్‌లో ఆస్టన్ మాథ్యూస్ తన మొదటి ఎన్‌హెచ్ఎల్ (అమెరికా, కెనడా జట్ల లీగ్) మ్యాచ్‌లోనే నాలుగు గోల్స్ కొట్టాడు. ఆ రాత్రి నుంచి నేను అతని జట్టు టొరంటో మేపుల్ లీఫ్స్ వైపే. ఆ మ్యాచ్ 5-4తో ఓడిపోయినా సంబరంగానే పడుకున్నాను. తర్వాత ఏటా అదే కథ. చలికాలమంతా కళ్లు చెదిరే ఆట, ఏప్రిల్లో ప్లేఆఫ్స్ (కప్ కోసం ఆడే నాకౌట్ సిరీస్‌లు, ముందు నాలుగు మ్యాచ్‌లు గెలిచినవాళ్లది సిరీస్) రాగానే గోల్ పడదు. 2021లో మాంట్రియల్ మీద 3-1 ఆధిక్యంలో ఉండి కూడా సిరీస్ పోగొట్టుకున్నారు. 2024లో క్రెయిగ్ బెరూబేని కోచ్‌గా తెచ్చారు, 2019లో సెయింట్ లూయిస్‌కి స్టాన్లీ కప్ (లీగ్ టైటిల్) తెచ్చినవాడు. ఆట గట్టిపడింది కానీ నాకైతే చప్పబడినట్టే ఉంది. పైగా 2025లో ఫ్లోరిడా మీద ఏడో మ్యాచ్ సొంత గడ్డ మీదే 6-1తో ఓడారు.

మా అబ్బాయికి పదకొండేళ్లు. వాడి కోచ్ కూడా "పక్‌ని బోర్డుకేసి కొట్టి బయటికి పంపెయ్" అంటున్నాడు. పక్ అంటే బంతికి బదులు ఆడే రబ్బరు బిళ్ల, బోర్డు అంటే మైదానం చుట్టూ ఉండే గోడ. వాడికి ఆట మీద ఇష్టం పోతుందేమోనని టెన్షన్. మీ అనుభవం చెప్పండి.

ఎడిసన్ రావు:
నేను న్యూజెర్సీ వచ్చిన కొత్తలో అక్కడి జట్టు డెవిల్స్ ఆట చూశాను. 'బోర్' అని అందరూ తిట్టే ట్రాప్ అనే డిఫెన్స్ పద్ధతి వాళ్లదే. 1995లో దాంతోనే డెట్రాయిట్‌ని ఫైనల్లో 4-0తో ఊడ్చేశారు. నాకు మాత్రం అది కబడ్డీలా కనిపించేది. కూతకొచ్చినవాణ్ని ఒక మూలకి తోసుకుంటూ పోతారు చూడండి, అలాగే ఒకడు పక్ ఉన్నవాణ్ని బోర్డు వైపు నెడతాడు, మిగతావాళ్లు మధ్యలో దారి మూసేస్తారు. 2003 ఫైనల్లో గోలీ బ్రొడూర్ మూడు మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ఏడో మ్యాచ్ 3-0. ఆ రాత్రి నాకు బోర్ కొట్టలేదండీ.

ఎడ్మంటన్ చెల్లి:
రావు గారూ, గెలిచారు కాబట్టి మీకు బాగుంది. అందరూ అలా ఆడితే ఎవరు చూస్తారు? 2005లో లీగే రూల్స్ మార్చాల్సి వచ్చింది కదా, అంతకుముందు కుదరని, మంచు మీది రెండు లైన్లు దాటే పొడుగు పాస్‌కి కూడా అప్పుడే అనుమతిచ్చారు. 2024 ఫైనల్లో మా ఆయిలర్స్ మొదటి మూడూ ఓడి, తర్వాత మూడూ గెలిచి, ఏడోది 2-1తో పోగొట్టుకున్నారు. ఆ ప్లేఆఫ్స్‌లో మెక్‌డేవిడ్‌కి 42 పాయింట్లు (గోల్స్, గోల్‌కి అందించిన పాస్‌లు కలిపి). ఏడ్చాను. అయినా ఆ ఆటని వదులుకోమంటే వదులుకోను.

సన్‌రైజ్ శ్రీను:
మిమ్మల్ని ఓడించింది మా ఫ్లోరిడా పాంథర్సే చెల్లీ, ఏమనుకోవద్దు. మేమూ మీలాగే ఉండేవాళ్లం. 2021-22లో 340 గోల్స్, లీగ్ పట్టికలో 122 పాయింట్లతో మొదటి స్థానం. రెండో రౌండ్‌లో టాంపా మీద నాలుగు మ్యాచ్‌లు కలిపి మా గోల్స్ మూడు! రెండో మ్యాచ్‌కి నేను వెళ్లాను. 1-1 మీద ఉండగా, చివర్లో నాలుగు సెకన్లు కూడా లేనప్పుడు గోల్ ఇచ్చారు. స్టేడియమంతా చచ్చినట్టు అయిపోయింది.

తర్వాత కోచ్‌ని మార్చి పాల్ మొరీస్‌ని తెచ్చారు. 115 పాయింట్లు చేసిన హ్యూబర్డోని ఇచ్చి మాథ్యూ కచాక్‌ని తీసుకున్నారు. నాకు కోపమొచ్చింది. మరుసటి ఏడు 92 పాయింట్లే, అయినా ఫైనల్ దాకా వెళ్లారు. ఆపైన 2024, 2025 రెండు కప్‌లూ మావే.

మిస్సిసాగా అన్నా, ఒక్క మాట. మా పాంథర్స్ వెనక్కి వెళ్లి గోల్ ముందు కూర్చోరు. అవతలివాడి గోల్ దగ్గరికే వెళ్లి పక్ లాక్కుంటారు. అదీ డిఫెన్సే, చూడ్డానికి హోరెత్తిపోతుంది. మీవాడికి అది చూపించండి.

మిస్సిసాగా నాన్న:
శ్రీనూ, థాంక్స్. నిన్న మీ పాత మ్యాచ్ ఒకటి వాడితో కలిసి చూశాను. రావు గారి కబడ్డీ మాట కూడా చెప్పాను, గుడివాడ దగ్గర మా ఊళ్లో చూశాడు కాబట్టి వెంటనే అర్థమైంది. "అయితే నాన్నా, మూలకి తోసేవాణ్ని నేనవుతా" అన్నాడు. శనివారం ప్రాక్టీస్‌లో కోచ్‌ని అడుగుతాడట.